ఒక్క నటుడు, నలభై కుర్చీలు: కుంగుబాటు మీద ఏకపాత్ర నాటకం చూసేవాళ్లకూ, వేసేవాళ్లకూ

వేగావతి
విజయనగరంలో ఈ నెలాఖరుకి ఒక ఏకపాత్ర నాటకం ఉంది. కుంగుబాటు, దాన్నుంచి మనిషి తేరుకోవడం విషయం. ఆడిటోరియం కాదు, స్కూలు హాల్లో నటుడి చుట్టూ కుర్చీలు వేసి ఆడతారట. నలభై మందికే చోటు. మధ్యలో చూసేవాళ్ల చేత కూడా మాటలు పలికిస్తారని చెప్పారు. నాకు మూడు సంగతులు తెలియాలి. కుంగుబాటుకి మందులు వాడుతున్న మనిషిని వెంట తీసుకెళ్లొచ్చా? ఎక్కడ కూర్చుంటే మంచిది? నటుడు దగ్గరకొచ్చి, మనం పలకాల్సిన మాట రాసిన చీటీ ఇస్తే వద్దనొచ్చా, అంటే నాటకం పాడవుతుందా? నాటకాలు వేసేవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి వాళ్ల వైపు సంగతులూ చెప్పండి.

మూడోగంట
చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తానమ్మా. వద్దనొచ్చు. రెండు చేతులూ జోడించి తల అడ్డంగా ఊపితే చాలు, తెలిసిన నటుడు ఒక్క క్షణం కూడా నిలబడకుండా పక్కవాళ్ల దగ్గరకి వెళ్లిపోతాడు. నాటకం పాడవదు. పాడవుతుందంటే ఆ నాటకం కట్టడంలోనే లోపం ఉంది.

కట్టే పద్ధతి ఇలా ఉండాలి. నలభై మంది ఉంటే పాతిక చీటీలకి మించి పెట్టకూడదు. ఒక్కో చీటీ మీద ఒకటే మాట. పాలవాడి కేక, కండక్టరు పిలుపు, పక్కింటావిడ "అన్నం తిన్నావా నాన్నా" అనడం, అలాంటివి. జబ్బు మనిషి చుట్టూ ఉండే ఊరు మొత్తం ప్రేక్షకుల గొంతులోంచి రావాలన్నమాట. బరువైన మాట, ఏడుపు మాట, చావు కబురు ప్రేక్షకుడి చేత ఎప్పుడూ పలికించకూడదు. ఆ బరువు మోయడానికి నటుడు నెలల తరబడి సాధన చేసి వస్తాడు. టికెట్టు కొనుక్కుని వచ్చిన మనిషి ఏ సాధనా లేకుండా వస్తాడు.

చీటీలు నాటకం మధ్యలో పంచకూడదు. తలుపులు తీసిన దగ్గర్నుంచి మొదలుపెట్టేదాకా ఉండే ఇరవై నిమిషాల్లో నటుడే స్వయంగా తిరిగి, పలకరించి, "చదవడం ఇష్టమేనా?" అని అడిగి ఇవ్వాలి. కళ్లజోడు తెచ్చుకున్నారా అని కూడా అడగాలి. అక్షరం సైజు కనీసం 24 పాయింట్లు, రెండు వైపులా అంకె. నటుడు ఆ అంకె పిలిచినప్పుడు చీటీ ఉన్నవాళ్లు పలకాలి. చదువు రాని పెద్దవాళ్లకి చీటీ చేతిలో పెట్టి ఇబ్బంది పెట్టొద్దు. చెవిలో రెండు మాటలు చెప్తే మనందరికంటే బాగా పలుకుతారు. అన్ని చీటీల నకళ్లూ నటుడి జేబులో ఉండాలి. అంకె పిలిచాక మూడు సెకన్లలో గొంతు రాకపోతే తనే ఆ మాట అనేసి ముందుకు పోవాలి. ఎవరి దగ్గర ఆగిపోయిందో అని చుట్టూ చూడటం పెద్ద తప్పు. ఆ చూపుతో హాలంతా ఆ ఒక్క మనిషి మీద పడుతుంది.

ఎవర్ని పిలవకూడదో కూడా నటుడికి తెలియాలి. చేతులు కట్టుకుని వెనక్కి వాలి కూర్చున్నవాళ్లని, ఒంటరిగా వచ్చి చివర కూర్చున్నవాళ్లని, ఇరవై నిమిషాల పలకరింపులో కళ్లు కలపనివాళ్లని.

చిడతలు
మేష్టారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. మన ప్రేక్షకుడికి పలకడం కొత్త కాదు. హరికథలో దాసుగారు "శ్రీమద్రమారమణ గోవిందో" అంటే పందిరంతా "హరి" అంటుంది. మనవాళ్లకి ఇబ్బంది ఎక్కడంటే, ఒక్కడే పలకాల్సి వచ్చినప్పుడు. అందుకని మొదటి పది నిమిషాల్లో అందరూ కలిసి పలికేవి మూడు నాలుగు పెట్టాలి. తర్వాత ఒక వరుస, ఆ తర్వాత ఇద్దరు, అప్పుడు ఒక్కరు. ఈ క్రమం తప్పి మొదటి నిమిషంలోనే ఒకరి అంకె పిలిస్తే గొంతు పెగలదు, మిగతావాళ్లు కూడా బిగుసుకుంటారు.

ఇంకో విషయం నటన గురించి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తిరిగిన నేల ఇది. విజయనగరం సంగీత కళాశాలకి 1919లో మొదటి అధ్యక్షులు ఆయనే. ఒక్క మనిషి పదిమందిగా మారడం ఈ జిల్లాలో ఎవరికీ విడ్డూరం కాదు. అయితే హరికథలో పాత్ర మారడానికి కుడికి తిరిగితే ఒకరు, ఎడమకి తిరిగితే ఇంకొకరు అన్న లెక్క నడుస్తుంది, ఎందుకంటే జనం ఎదురుగానే ఉంటారు. చుట్టూ జనం కూర్చున్నప్పుడు అది పనికిరాదు. నటుడి కుడి ఒకరికి ఎడమ, ఇంకొకరికి వీపు. అక్కడ పాత్రలు మారాల్సింది ఎత్తుతో, వేగంతో. అమ్మ పాత్రకి నేల మీద కూర్చో, డాక్టరుకి నిలబడు. కుంగిన మనిషి పాత్రలో ప్రతి జవాబుకీ ముందు రెండు సెకన్ల ఆలస్యం పెట్టు. వీపు వైపు కూర్చున్నవాడికి కూడా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది.

ఫోకస్_శ్రీకాకుళం
హాలు గురించి నేను చెప్తాను, ఇక్కడే ఎక్కువ నాటకాలు దెబ్బతింటాయి.

లెక్క సూడండి. నటుడికి పదడుగుల వ్యాసం కావాలి. మొదటి వరుస కుర్చీల మధ్యభాగం కేంద్రం నుంచి ఏడడుగుల దూరంలో ఉంటే చుట్టుకొలత 44 అడుగులు. మూడేసి అడుగుల దారులు నాలుగు ఒగ్గేస్తే 32 మిగులుతాది, మనిషికి రెండడుగుల లెక్కన 16 కుర్చీలు. రెండో వరుస పదడుగుల దూరంలో, అందులో 25. మొత్తం 41. వెనక నడవడానికి మూడడుగులు ఉంచితే హాలు కనీసం 30 అడుగులకి 30 ఉండాలి. మూడో వరుస వేస్తే 75 మంది పడతారు గానీ వెయ్యొద్దు. మూడో వరుసలో కూర్చున్నవాడు నాటకంలో ఉండడు, నాటకాన్ని చూస్తాడంతే.

నేల చదునుగా ఉంటే ఇంకో బాధ. నటుడు కింద కూర్చున్నప్పుడు రెండో వరుసకి ఏటీ కనపడదు. మొదటి వరుసకి పొట్టి స్టూళ్లో పీటలో వేసి, రెండో వరుసకి మామూలు కుర్చీలు వెయ్యండి. టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ కదిలితే కిర్రుమంటాది, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట అదే వినిపిస్తాది. జంపఖానాలు పరిస్తే ఆ చప్పుడూ పోతాది, గోడలకి కొట్టుకునే మాట మోతా తగ్గుతాది. నలభై మందికి మైకు వద్దు. మైకు పెడితే గొంతు నటుడి నోట్లోంచి కాకుండా బాక్సులోంచి వస్తాది, దగ్గరతనం పోతాది.

ఫ్యాన్లు. లైటు ఫ్యాను రెక్కల కంటే పైన ఉంటే రెక్కల నీడ నటుడి మొహం మీద టకటకా కొట్టుకుంటాది. చానామంది కరెంటు తగ్గిందనుకుంటారు, అది ఫ్యాను నీడ. లైట్లు రెక్కలకి కింద ఎత్తులో పెట్టండి, నేకపోతే మధ్య ఫ్యాను ఆపేసి అంచుల్లోవి రెండో నంబరు మీద తిప్పండి. మన ఉక్కకి అన్నీ ఆపడం కుదరదు. డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకుంటే ఈ గొడవే నేదు.

లైట్లు నాలుగు చాలు, నాలుగు మూలల నుంచి ఎల్ఈడీ పార్‌లు, అంటే గుండ్రటి స్టేజీ లైట్లు, పసుపు కలిసిన తెలుపు. ఎదురుగా స్టేజీ ఉన్నప్పటిలాగ 45 డిగ్రీల వాలు పెడితే ఎదురు వరుసవాళ్ల కళ్లల్లో పడతాది. వాలు 55, 60 దాకా నిటారు చెయ్యండి. ప్రేక్షకుల మీద కూడా మూడో వంతు వెలుగు ఉండాలి. చీటీ చదవాలి కదా, అదీగాక నటుడికి మొహాలు కనపడాలి. ట్యూబులైట్లు మాత్రం ఆర్పేయండి, ఆ వెలుగులో అందరూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు ఉంటారు.

కరెంటు పోతే జనరేటరు అందుకునేలోపు చీకటి. ఈ నాటకంలో బరువైన చోట అకస్మాత్తుగా చీకటి పడితే జనం ఉలిక్కిపడతారు, అది ఆటలో భాగమేమోనని భయపడతారు. నాలుగు ఎల్ఈడీలూ కలిపి 500 వాట్లు దాటవు. ఇన్వర్టరు మీద పెట్టండి, జనరేటరు అక్కరే నేదు.

మనసుమాట
వేగావతిగారూ, మీ మొదటి ప్రశ్నకి. మానసిక వైద్యం వైపు పనిచేసే మనిషిగా చెబుతున్నాను.

మందులు వాడుతున్నంత మాత్రాన వెళ్లకూడదని ఏమీ లేదు. నిద్ర, తిండి కుదుటపడి, పనుల్లో పడి, తనకు తానుగా "చూద్దాం" అంటే తీసుకెళ్లండి. ఇప్పుడు చావు ఆలోచనలు వస్తున్నా, ఆసుపత్రి నుంచి ఈమధ్యే ఇంటికి వచ్చినా, మందు మార్చిన మొదటి వారాల్లో ఉన్నా, ఇంట్లో ఎవరైనా ఆత్మహత్యతో పోయి ఎంతో కాలం కాకపోయినా ఈసారికి ఆపండి. అనుమానంగా ఉంటే వాళ్ల డాక్టరునే అడగండి. అన్నిటికంటే ముఖ్యం, విషయం దాచిపెట్టి "సరదాగా నాటకానికి వెళ్దాం రా" అని తీసుకెళ్లొద్దు. లోపలికి వెళ్లాక తన గురించే ఆడుతున్నారని తెలిస్తే, నమ్మినవాళ్లే పన్నాగం పన్నారనిపిస్తుంది. నాటకం దేని గురించో, ఎంతసేపో, మధ్యలో లేచి రావచ్చని కూడా ముందే చెప్పండి.

కూర్చోవడం రెండో వరుసలో, దారి పక్క కుర్చీలో, తలుపుకి దగ్గరగా. మీరు ఆ మనిషికి లోపలి పక్కన కూర్చోండి, లేవాలంటే మిమ్మల్ని దాటాల్సిన పని ఉండదు. కడుపు ఖాళీగా తీసుకెళ్లొద్దు. రాత్రి మాత్ర వేళకి ఇంటికి చేరేలా చూసుకోండి.

తిరిగి వచ్చాక "ఎలా ఉంది?" అంటే నాటకం ఎలా ఉందని అర్థం చేసుకుని "బాగుంది" అనేస్తారు. "చూస్తున్నప్పుడు నీకు ఎలా అనిపించింది?" అనండి. మాటల్లో నిరాశ వినిపిస్తే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి భయపడొద్దు. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నదాన్ని పంచుకునే దారి దొరుకుతుంది. అవును అంటే ఒంటరిగా వదలకండి. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను 14416కి ఫోన్ చేయొచ్చు, రాత్రీ పగలూ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అపాయం కళ్లముందు కనిపిస్తుంటే నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక వేసేవాళ్లకి. కుంగుబాటు అంటే మన నటులు చాలామంది ఏడుస్తారు. అసలు జబ్బు అంతకంటే మౌనంగా ఉంటుంది. ఇష్టమైన కూర రుచి లేదు. తెల్లవారుజామున రోజూకంటే రెండు గంటల ముందే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర రాదు. స్నానానికి లేవడం కూడా కొండ ఎక్కినట్టు. మన పల్లెల్లో "దిగులుగా ఉంది" అని ఎవరూ చెప్పరు, "ఒళ్లు లాగేస్తోంది, తల బరువు, గుండె దడ, ఆకలి లేదు" అంటారు. పరీక్షలన్నీ చేయించి ఏమీ లేదని తేలాక గానీ మానసిక వైద్యుడి దగ్గరకి రారు. ఈ దారంతా నాటకంలో ఉంటే చూసేవాడు తన ఇంటి మనిషిని గుర్తుపడతాడు. రెండు వారాలకి మించి ఇలా ఉంటే చూపించుకోవాలన్న సంగతి కథలోనే ఏదో ఒక పాత్ర నోట రావచ్చు.

రచనలో మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు చెబుతాను. మాత్ర వేసుకున్న మర్నాడే నవ్వడం. ఈ మందులు పనిచేయడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. నాటకం చూసి మర్నాడే ఫలితం వస్తుందనుకున్నవాళ్లు వారం చూసి మందు మానేస్తారు, అదీ ప్రమాదం. పెళ్లి చేస్తే తగ్గిపోవడం ఇంకో తప్పు. పరీక్ష పోయింది కాబట్టి చనిపోయాడని ఒకే కారణం కట్టడం మరొకటి. ఎప్పుడూ చాలా కారణాలు కలిసి ఉంటాయి. ఆత్మహత్య ఎలా చేసుకున్నాడో చూపించడం, చెప్పడం అస్సలు వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రంగస్థలం, సినిమా వాళ్ల కోసం విడిగా తెచ్చిన మార్గదర్శినిలో ఇది స్పష్టంగా ఉంది. పద్ధతి వద్దు, ఆదుకున్న మనుషులను, తట్టుకున్న తీరును చూపించండి అంటుంది. "బతికితే పోలీసు కేసు పెడతారు" అన్న డైలాగు కూడా తీసేయండి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించి ప్రభుత్వం వైద్యం, ఆదరణ ఇవ్వాలంటుంది. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకురాని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

చిడతలు
అమ్మా, అన్నీ ఒప్పుకుంటాను. కానీ మీరన్నట్టు విషయం ముందే చెప్పేస్తే నాటకం పట్టు ఏమవుతుంది? రెండో భాగంలో ఏం జరుగుతుందో తెలిసి కూర్చుంటే ప్రేక్షకుడు కథతో నడవడు.

మనసుమాట
కథ చెప్పక్కర్లేదండీ. "ఈ నాటకంలో కుంగుబాటు, ఆత్మహత్య గురించిన మాటలు ఉన్నాయి. గంటా పది నిమిషాలు, విరామం లేదు. ఎప్పుడైనా బయటికి వెళ్లొచ్చు." టికెట్టు మీద ఈ మూడు వాక్యాలు చాలు. ఎవరికి ఏమవుతుందో చెప్పలేదు కదా.

మూడోగంట
అది సబబుగానే ఉంది. హరికథకుడు కూడా ఈరోజు సతీసావిత్రి అని ముందే చెప్తాడు కదా చిడతలుగారూ. ముగింపు తెలిసినా జనం తెల్లవార్లూ కూర్చుంటారు. పట్టు ఉండేది ఏం జరుగుతుందన్న దాంట్లో కాదు, ఎలా చెప్తాడన్న దాంట్లో.

ఆశ గురించి ఒక్క మాట. చివర్లో నటుడు మధ్యలో నిలబడి "జీవితం అందమైనది, ధైర్యంగా ఉండండి" అని ఉపన్యాసం ఇస్తే అప్పటిదాకా కట్టినదంతా కూలిపోతుంది. కుంగిన మనిషి ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నాడు. ఆశ చిన్న పని రూపంలో కనబడాలి. పాత్ర తలుపు తీసింది, అన్నం నాలుగు ముద్దలు తింది, ఓపీ చీటీ రాయించుకుంది. ప్రేక్షకుల్లోంచి వచ్చిన పాలవాడి కేకకి ఆమె మొదటిసారి బదులు పలికింది. అక్కడ ఆపేయాలి.

తలుపుదగ్గర
బొబ్బిలి వైపు కార్యక్రమాలు చూసుకునేదాన్ని, నిర్వహణ వైపు చెప్తాను.

జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు ఇవేవీ ఆ రోజు పెట్టొద్దు. ముఖ్యంగా నాటకం అయిన వెంటనే సన్మానం వద్దే వద్దు. కళ్లు తుడుచుకుంటున్న మనిషి పక్కన బొకేలు, ఫోటోలు మొదలైతే అతను లేచి వెళ్లిపోతాడు, మాట్లాడాల్సిన మాట అతనితోనే పోతుంది. దాతలని గౌరవించాలంటే ఇంకో రోజు పెట్టుకోండి.

నాటకం అయ్యాక లైట్లు మెల్లగా పెంచి పది నిమిషాలు ఎవరినీ కదిలించొద్దు, మంచినీళ్లు, టీ అందుబాటులో ఉంచండి. ఉండాలనుకున్నవాళ్లతో తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడండి. నాటకం గురించే మాట్లాడాలి. మైకు ఇచ్చి "మీ అనుభవం చెప్పండి" అంటే ఎవరో ఒకరు తమ గాయం నలభై మంది ముందు విప్పేసి, ఇంటికెళ్లాక బాధపడతారు. మానసిక నిపుణుణ్ణి పిలిస్తే వేదిక మీద కూర్చోబెట్టొద్దు. తలుపు పక్కన ఒక కుర్చీలో ఉండాలి. జనం ఎదుట ఎవరూ అడగరు, చెప్పులు వేసుకుంటూ అడుగుతారు.

మధ్యలో ఎవరైనా బయటికి వస్తే వెంటపడి "ఏమైందమ్మా?" అనకూడదు. బయట వరండాలో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ముందే కూర్చుని ఉండాలి. నీళ్లు ఇచ్చి, "ఇక్కడ కూర్చోండి, మళ్లీ వెళ్లాలంటే నేను తలుపు తీస్తాను" అంటే చాలు. చీటీల వెనక 14416 అచ్చు వేయించండి, ఇళ్లకు తీసుకెళ్తారు. గోడ మీది పోస్టరు దగ్గర నిలబడి నంబరు రాసుకోవడానికి జనం సిగ్గుపడతారు, జేబులో చీటీకి సిగ్గు లేదు.

ఆలస్యంగా వచ్చినవాళ్లని అయిదు నిమిషాలు దాటాక లోపలికి పంపకండి. చుట్టూ కూర్చునే హాల్లో తలుపు తెరిస్తే నటుడి వెనక ఇంకో పాత్ర వచ్చినట్టే. ఈ సంగతి టికెట్టు ఇచ్చేటప్పుడే చెప్పాలి, తలుపు దగ్గర వాదన రాకుండా. ఫోన్లో వీడియో ఒక్క నిమిషం కూడా వద్దు. ఇక్కడ ఫ్రేములో నటుడొక్కడే ఉండడు, ఎదుటి వరుసలో ఏడుస్తున్న మొహం కూడా పడుతుంది, అది సాయంత్రానికి గ్రూపుల్లో తిరుగుతుంది.

ఆమదాలవలస_ప్రేక్షకుడు
శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లకి ఒక సూచన. రైలుకి వస్తే తిరుగు దారిలో దిగేది శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, అంటే ఆమదాలవలసలో. అక్కడ్నుంచి ఊళ్లోకి ఇంకా పది కిలోమీటర్ల పైమాటే. రాత్రిపూట ఆటో కోసం నిలబడాలి. మనసు నలిగిన మనిషి వెంట ఉంటే ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి కాంప్లెక్సుకి బస్సే నయం.

పిల్లల సంగతి ఎవరూ చెప్పలేదు. ఎన్నేళ్ల వాళ్లని తీసుకురావచ్చు?

మనసుమాట
పద్నాలుగు దాటితే పెద్దవాళ్లతో కలిసి రావచ్చని నా అభిప్రాయం. ఇంటర్ పిల్లలు తప్పక చూడాల్సిన నాటకం, కానీ కాలేజీ వాళ్లు నలభై మందిని ఒకేసారి బస్సులో దింపొద్దు. తోటివాళ్ల మధ్య ఎవరూ నిజం మొహం పెట్టలేరు, పక్కవాడు నవ్వితే నవ్వాలి. పెద్దవాళ్ల మధ్య నలుగురైదుగురు చొప్పున పంపండి.

వేగావతి
అందరికీ ధన్యవాదాలు. తలుపు వైపు రెండో వరుసలో దారి పక్క రెండు కుర్చీలు అడిగి ఉంచాను. విషయం ముందే చెప్పాను, వస్తానన్నారు. ఇంకొక్కటి అడుగుతాను. మాతో ఒక పెద్దావిడ చక్రాల కుర్చీలో వస్తారు. నలభై కుర్చీల లెక్కలో ఆవిడకి చోటు ఎలా?

ఫోకస్_శ్రీకాకుళం
దారులు మూడడుగులు ఉంచమన్నాను కదమ్మా, చక్రాల కుర్చీ మామూలుగా రెండడుగుల పైన రెండు మూడంగుళాలు ఉంటాది, ఇబ్బంది నేకుండా దూరుతాది. మొదటి వరుసలో దారి పక్క రెండు స్టూళ్లు తీసేసి ఆ చోటు ఒగ్గేయమని నిర్వాహకులకి ముందురోజే ఫోను చెయ్యండి. కుర్చీ ఎత్తు వెనకాలోళ్లకి అడ్డం రాకుండా ఆ వెనక రెండో వరుసలో ఒక కుర్చీ ఖాళీ ఉంచమనండి. జంపఖానా అంచు చక్రానికి తగిలి ముడుచుకుంటాది, ఆ దారిలో మాత్రం అంచుని టేపుతో నేలకి అంటించమనండి.